కుక్కకు వేసిన నీటితిత్తి

1957 జూలైలో నన్ను బాగేపల్లి తాలూకా పశువైద్యశాలకు వైద్యుడిగా వేశారు. అంతకుముందు రెండేళ్లు చిక్కబళ్లాపురంలో ఒక సీనియరు డాక్టరు కింద సూదులు వేస్తూ, రిజిస్టర్లు రాస్తూ గడిపాను. సొంతంగా ఒక ఆస్పత్రి చేతికి రావడం అదే మొదలు. ఆస్పత్రి అంటే రెండు గదులు, ముందొక వరండా, పశువును కదలకుండా నిలబెట్టే కొయ్య చట్రం, ఒక మందుల బీరువా, ఒక పాత సూక్ష్మదర్శిని. నాకు సాయంగా కిష్టప్ప అనే కాంపౌండరు ఉండేవాడు. మందులు కలపడం, కట్లు కట్టడం, నేను లేనప్పుడు డాక్టరులాగే మాట్లాడటం అతని విధులు. ఊరివాళ్లు దాన్ని దనాల ఆస్పత్రి, అంటే పశువుల ఆస్పత్రి, అనేవారు, నన్ను డాక్టరప్పా అనేవారు.

మాది చింతామణి పక్క పల్లెలో తరతరాలుగా గుడి పూజ చేసిన కుటుంబం. నేను మద్రాసుకు పశువైద్యం చదవడానికి పోతున్నానని తెలిసి మా పెదనాయన, గంట కొట్టాల్సిన చేయి ఆవు గర్భంలో పెడతావట్రా అని అడిగి, ఆ తరువాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. అలాంటి మాటలు పడి చదివినవాడికి పేరు తెచ్చుకోవాలన్న ఆకలి కాస్త ఎక్కువగానే ఉంటుంది. నాకు ఇంకా ఎక్కువ ఉండేది. ఈ సంగతి మొదటే ఒప్పుకోవడం మంచిది.

ఇప్పుడు చెప్పబోయేది మిట్టేమరి గంగులప్ప గొర్రెల మంద సంగతి. ఆ మందలో సగానికి పైగా ఒక జబ్బుతో పోయింది. ఆ జబ్బుకు పుస్తకాల్లో పేరుంది, కారణం ఉంది, బొమ్మతో సహా వివరం ఉంది. దానికి నేను చేసిన సాయం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే రాస్తున్నాను.

ఆ తాలూకా మెట్ట నేల. వేరుశనగ, రాగి వేసుకొంటారు. వాన మొహం చాటేస్తే గొర్రెలే దిక్కు. ఆ గొర్రెలకు అక్కడ తిరుగుడు జబ్బు అని ఒకటి వచ్చేది. ఏడాది కూడా నిండని పిల్ల, నిన్నటిదాకా బాగా మేసింది, ఉన్నట్టుండి మందకు వెనకబడుతుంది. తల ఒక పక్కకు వాలుస్తుంది. కొన్నాళ్లకు గానుగెద్దులా ఒకే పక్కకు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఆఖరికి మేత మానేసి, గోడకు తల ఆనించి నిలబడి నిలబడి చస్తుంది.

దీనికి కారణం ఒక పరాన్నజీవి. అంటే ఇంకొక ప్రాణి ఒంట్లో కాపురం పెట్టి, దాని తిండి తిని బతికేది. చోటిచ్చే ప్రాణిని మా చదువులో ఆతిథేయి అంటారు. పిలవకుండా వచ్చినవాడికి తెలియకుండా అన్నం పెట్టేవాడికి అంత మర్యాదైన పేరు ఎవరు పెట్టారో కానీ, పెట్టేశారు. ఈ పురుగుకు ఆతిథేయులు ఇద్దరు కావాలి. కుక్క పేగులో అది బద్దెపురుగు. గుడ్డ నాడా మాదిరి బల్లపరుపుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. తలతో పేగు గోడను పట్టుకొని, కుక్క తిన్నదాంట్లోంచి తనకు కావలసింది పీల్చుకొంటుంది. కుక్కకు పెద్ద బాధేమీ ఉండదు. గుడ్లు తయారయ్యేది అక్కడే కాబట్టి ఆ పురుగుకు కుక్క బతికుండాలి. గుడ్లతో నిండిన కణుపులు తెగి, కుక్క మలంతో బయటపడతాయి. గుడ్లు గడ్డికి అంటుకొంటాయి, కంటికి కనిపించవు.

ఆ గడ్డి మేసిన గొర్రెలో గుడ్డు పగులుతుంది. అందులోని పిల్ల పేగును తొలుచుకొని నెత్తుట్లో పడి మెదడు చేరుతుంది. అక్కడ అది పురుగుగా పెరగదు, నీటితిత్తిగా పెరుగుతుంది. నిమ్మకాయంత, ఒక్కోసారి కోడిగుడ్డంత. పల్చటి తోలు, లోపల తేటనీరు, లోపలి గోడకు నూకలు అతికించినట్టు తెల్లని చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో పురుగు తల. తిత్తి మెదడును నొక్కుతుంది కాబట్టి గొర్రె తిరుగుతుంది, మందకు దూరమవుతుంది, చస్తుంది. ఇక్కడ పురుగుకు కావలసింది గొర్రె చావు. చచ్చిన గొర్రె తలను కుక్కో తోడేలో తిన్నప్పుడే ఆ చుక్కలు మళ్లీ బద్దెపురుగులవుతాయి. ఒక ఇంట్లో అంత నెమ్మది, ఇంకొక ఇంట్లో అంత నిర్దయ. పరీక్షకు దీన్ని నేను చక్రంలా బొమ్మ గీసి రాశాను, మంచి మార్కులు వచ్చాయి.

బాగేపల్లి చేరిన ఆర్నెల్ల దాకా ఎద్దులు వచ్చాయి, బర్రెలు వచ్చాయి, తాలూకా అధికారి అమల్దారుగారి ఇంటి ఆవు కూడా వచ్చింది. తిరుగుడు గొర్రె ఒక్కటీ రాలేదు. ఎందుకని కిష్టప్పను అడిగాను. "దానికి మిట్టేమరి గంగులప్ప ఉండాడు కద సార్" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. గంగులప్ప యాభై దాటిన గొర్రెల కాపరి. సొంతానికి నలభై దాకా గొర్రెలు ఉండేవి. ఊరి పెద్దరైతు అశ్వత్థరెడ్డి మందలో జబ్బు వచ్చినా ఇతన్నే పిలిచేవారు. తిరిగే గొర్రె తల కోసి జబ్బు బయటికి తీస్తాడని, తీసిన గొర్రె మళ్లీ మేస్తుందని పేరు. కిష్టప్ప సొంత బావమరిదే తన గొర్రెను దనాల ఆస్పత్రి ముందుగా నడిపించుకొని గంగులప్ప దగ్గరికి తోలుకుపోయాడట. ఆ రోజు సీసాలు సరిగ్గా కడగలేదని కిష్టప్పను అవసరం కన్నా గట్టిగా కేకలేశాను.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ తాలూకాలో పెరటి చెట్టే మందు, మద్రాసు చెట్టు ఎవరికీ అక్కరలేదు.

1958 మొదట్లో అశ్వత్థరెడ్డి దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఆయన దొడ్డిలో రెండు పిల్లలు తిరుగుతున్నాయి, గంగులప్ప పొరుగూరు పోయి ఉన్నాడు, డాక్టరుగారు వస్తారేమో అని. గంగులప్ప లేడు కాబట్టి నేను అన్నమాట. అయినా సరే, వెళ్లాను. అశ్వత్థరెడ్డి నమ్మితే తాలూకా నమ్ముతుంది. సైకిలు వెనక పెట్టెలో పుర్రెకు గుండ్రటి రంధ్రం చేసే ట్రెఫైన్ అనే పరికరం, కోసేచోటును మొద్దుబార్చే సూదిమందు, కాచిన దారం, అయొడిన్ పెట్టుకొన్నాను. దొడ్డి చుట్టూ ఊరు ఊరంతా చేరింది.

పుస్తకంలో కంటికీ కొమ్ము మొదలుకూ మధ్య ఇన్ని అంగుళాలు అని ఒక కొలత ఉంది. ఆ కొలత ప్రకారం కుడి పక్క తొలిచాను. తిత్తి లేదు. కొంచెం వెనగ్గా ఇంకోచోట తొలిచాను. నెత్తురు ఆగలేదు. పిల్ల నా చేతుల్లోనే కాళ్లు తన్నుకొని చచ్చిపోయింది. తిత్తి ఏ పక్కనుంటే పిల్ల సాధారణంగా ఆ పక్కకే తిరుగుతుంది. అది ఏ పక్కకు తిరుగుతోందో నేను నిలబడి చూసింది రెండు నిమిషాలు కూడా ఉండదు. చుట్టూ అంతమంది చూస్తుంటే నాకు నిదానం ఎక్కడ వస్తుంది? అశ్వత్థరెడ్డి మర్యాదస్తుడు. దాని రాత అట్లుందప్పా అని, నాకు చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెప్పించాడు. అంతలో ఎవరో గంగులప్ప వచ్చినాడని అన్నారు.

సన్నగా, పొడుగ్గా, భుజాన కంబళితో వచ్చాడు. వెనక రెండు కుక్కలు, ఒకటి నల్లది, ఒకటి చారలది. నాకు దండం పెట్టాడు. చచ్చిన పిల్లను ఒకసారి చూశాడు. రెండో పిల్లను విడిచిపెట్టించి, బీడీ ముట్టించుకొని గోడవార కూర్చొన్నాడు. బీడీ అయిపోయింది. ఇంకొకటి ముట్టించాడు. అరగంట సేపు దాని తిరుగుడు తప్ప వేరే ఏమీ చూడలేదు. తరువాత లేచి, తలను మోకాళ్ల మధ్య పట్టుకొని, బొటనవేలితో పుర్రెను అంగుళం అంగుళం నొక్కుకొంటూ పోయి ఒకచోట ఆగాడు. తిత్తి పెరిగినచోట ఎముక పల్చబడి మెత్తగా అవుతుంది. పుస్తకంలో అదీ ఉంది, కొలత తరువాతి పేజీలో.

చిన్న కత్తితో తోలును మూడు వైపులా కోసి మడిచాడు. మెత్తటి ఎముక ముక్కను ఎత్తాడు. తిత్తి తనంతట తానే పైకి ఉబికింది. నెమలి ఈక మొదలును గొట్టంలా కోసి పెట్టుకొన్నాడు. దాన్ని గుచ్చి, నోటితో నీళ్లు పీల్చి ఉమ్మేసి, ఆ ఈకకే తిత్తి తోలును చుట్టుకొని నిదానంగా బయటికి లాగాడు. చినగకుండా మొత్తం వచ్చింది. తోలు మూసి, పసుపు, ఆముదం పట్టించి గుడ్డ కట్టాడు. పిల్ల లేచి, నాలుగడుగులు వంకరగా వేసి, పందిరి గుంజకు కట్టిన తుమ్మకొమ్మ కొరికింది.

అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశినాడు చచ్చిందట. జనంలో ఒక ముసలమ్మ ఆ సామెతను పైకే అనేసింది. నేను వినలేదన్నట్టు పెట్టె సర్దుకొన్నాను.

ఒక ప్రాణి బతికినందుకు వైద్యుడికి సంతోషం కలగాలి. నాకు కలగలేదు. నాలుగేళ్లు తెలియని ఊళ్లో సాంబారన్నం తిని చదివింది ఇందుకా అనిపించింది. ఆ బొటనవేలు నాకు లేదు, ఇక రాదు, అది అతనికి ఎందుకుండాలి? ఆ పిల్ల సాయంత్రానికి చస్తే బాగుండునని కూడా అనుకొన్నాను. అది చావలేదు.

అప్పుడు జరిగింది అసలు సంగతి. గంగులప్ప ఆ తిత్తిని ఈకతో ఎత్తి పట్టుకొని నల్లకుక్కను పిలిచి దాని నోట్లో వేశాడు. నేను చంపిన పిల్ల తలను కూడా చీల్చాడు. అందులో తిత్తి ఎడమ పక్కన ఉంది. "ఇదో, ఈ పక్కుండాదప్పా" అని నాకు చూపించాడు. గొంతులో వెటకారం లేదు, తోటి పనివాడికి చూపించినట్టు చూపించాడు. నన్ను ఎక్కువ మండించింది అదే. దాన్ని చారలకుక్కకు వేశాడు.

కుక్కకెందుకు వేస్తున్నావని అడిగాను.

"నేలకేస్తే జబ్బు మల్ల లేస్తాదప్పా. కుక్క కడుపు నిప్పు. ఆడ పడితే అరిగిపోతాది" అన్నాడు.

అక్కడి కాపరుల్లో అది కట్టుబాటు. జబ్బును ఒకరి నేలమీద వదిలి రావడం తప్పు. అందుకే గంగులప్ప ఏ ఊరికి పిలిచినా తన కుక్కలు రెండింటినీ వెంటబెట్టుకొని పోయేవాడు. ఇంకొకరి కుక్కకు ఆ బరువు మోపేవాడు కాదు. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. నేలమీద ఎండలో పడేస్తే ఆ తిత్తి ఒక్క రోజులో ఎండి చచ్చేది. కుక్క కడుపు దానికి పుట్టిల్లు. చక్రం మొత్తం నా కళ్లముందు తిరుగుతోంది, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకొన్న చక్రం. ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. గంగులప్ప నావైపు చూశాడు, ఏమో అడుగుతారని. ఇంకేమీ లేదని చెప్పి సైకిలెక్కాను.

చెబితే ఏమవుతుంది? అతను మానేస్తాడు. అతని వేలికి నా చదువు తోడవుతుంది, పేరు అతనికే పోతుంది. చెప్పకపోతే జబ్బు మళ్లీ వస్తుంది, ఈసారి అతని మందకే వస్తుంది. ఇంత స్పష్టంగా ఆ క్షణాన అనుకొన్నానా అంటే, లేదు. బాగేపల్లి చేరేలోపు దారిలో అనుకొన్నాను.

ఇది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ ఎండాకాలం కోలారు నుంచి మా పై అధికారి తనిఖీకి వచ్చారు. రిజిస్టర్లు చూశారు, మందుల నిల్వ చూశారు, ఆ తరువాత అమల్దారు చెప్పారని గంగులప్పను చూడాలన్నారు. జీపులో నేనే తీసుకెళ్లాను. గంగులప్ప ఆయన ముందు ఒక గొర్రెకు తిత్తి తీశాడు. అధికారి కన్నడంలో నాతో, ఇలాంటి చేయి మన శాఖలో ఒక్కటుంటే చాలునయ్యా అన్నారు. అని జీపు దగ్గరికి నడిచారు. వెనక గంగులప్ప నల్లకుక్కను పిలవడం నాకు వినిపించింది. మొదటిసారి అవమానంలో నోరు పెగల్లేదని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారికి ఆ సాకు లేదు. పైగా అధికారి మెచ్చుకొన్నారని తెలిసి సాదలి దాకా ఊళ్లవాళ్లు అతన్ని పిలవడం మొదలుపెట్టారు. ఏడాదికి పదిహేను ఇరవై తీసే మనిషి నెలకు అన్ని తీశాడు. అన్నీ ఆ రెండు కుక్కలే తిన్నాయి. ఆ కుక్కలు రాత్రింబగళ్లు గంగులప్ప మంద వెంట తిరిగేవి.

లెక్క తప్పలేదు. అంతకుముందు గంగులప్ప మందలో ఏడాదికి ఒకటో రెండో తిరిగేవి. 1959లో వానలు పడే వేళకు ఆరు తిరిగాయి. దసరాకు ఇంకో తొమ్మిది. కొన్నింటికి తానే తీశాడు, కొన్ని తీసేలోపే పోయాయి. కొన్నింటికి ఒకే తలలో మూడు నాలుగు తిత్తులు, అవి ఎవరు తీసినా బతకవు. ఊళ్లో ఒక మాట పుట్టింది. ఊరూరి జబ్బులు తీసి తన మందకు తెచ్చిపెట్టుకొన్నాడు, తీసినోనికే తగులుకొనింది అని. కిష్టప్ప ఈ మాట మోసుకొచ్చి, ఎంత మూఢనమ్మకమో చూడండి సార్ అన్నాడు. మూఢనమ్మకం ఏమీ లేదు, అక్షరాలా నిజం, కారణం ఒక్కటే తప్పు. అది కిష్టప్పకు చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఏదో కూనిరాగం తీశానట. ఇంత హుషారెందుకని మా ఆవిడ అడిగితే ఊరకే అన్నాను.

గంగులప్పను పిలవడానికి జనం భయపడ్డారు. తిరుగుడు గొర్రెలు నా వరండాకు రావడం మొదలైంది. ఇప్పుడు నేనూ ముందు కుర్చీ వేసుకొని అరగంట వాటి తిరుగుడు చూసేవాణ్ని. తరువాత బొటనవేలితో నొక్కి చూసేవాణ్ని. కొన్ని బతికాయి. బతికినవన్నీ గంగులప్ప పద్ధతిలో చేసినవే. ఎక్కడ నేర్చుకొన్నారని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. తీసిన తిత్తులను పొయ్యిలో తగలబెట్టించేవాణ్ని, నోరు మెదపకుండా.

1960 సంక్రాంతి దాటాక ఒక ఉదయం గంగులప్ప ఆస్పత్రికి వచ్చాడు. భుజాల మీద ఒక ఆడ గొర్రెపిల్ల, వెనక రెండు కుక్కలు. మిట్టేమరి నుంచి నడిచి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టుమీద కూర్చొన్నాడు. నలభైలో పద్దెనిమిది మిగిలాయని చెప్పాడు. అవి కూడా పోతే కూలికి పోవాల్సిందే, ఈ వయసులో ఎవరు పిలుస్తారు అన్నాడు. తరువాత ఒక మాట అడిగాడు.

"నా చేత కాలేదప్పా. తీసేకొద్దీ వస్తాండాది. చదివినోళ్లు మీరు, యాడ్నుంచి వస్తాండాదో చెప్పండి."

రెండున్నరేళ్లలో ఆ తాలూకాలో అందరూ నన్ను మందు అడిగారు. ఎక్కడి నుంచి వస్తోందని అడిగినవాడు అతనొక్కడే. అతను నా గడప దగ్గరికి రావాలని ఎంతకాలంగా కోరుకొన్నానో నాకే తెలుసు. వచ్చాడు. నాకు ఏ మాత్రం బాగాలేదు. పోయిన గొర్రెల్ని ఇతను పేర్లతో ఎరుగునని అప్పుడు తట్టింది. మెట్టుమీద వాటిని ఒక్కొక్కటే చెబుతున్నాడు, చుక్కది, బొల్లిది, చెవులది అని.

కుక్కలు రెండింటినీ పెరట్లో కట్టేయించాను. బీరువాలో అరెకోలిన్ అనే మందు ఉండేది, వక్కల నుంచి తీసేది. కుక్కకు ఇస్తే గంటలోపు పేగులు ఊడ్చినట్టు కడిగేస్తుంది. కట్టేయకుండా ఇవ్వకూడదు, బయటికి వచ్చినదాన్ని తగలబెట్టకుండా వదలకూడదు. కిష్టప్ప ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆ పని చేశాడు. వచ్చినదాన్ని నల్లటి పళ్లెంలో నీళ్లు పోసి తేర్చి గంగులప్ప ముందు పెట్టాను. తెల్లటి బద్దెలు, పోగులు పోగులు. భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూశాడు. నేను వరండా బండలమీద సుద్దముక్కతో చక్రం గీసి, కుక్క, గడ్డి, గొర్రె, మళ్లీ కుక్క అని చూపించాను. కాలేజీలో నాకు ఇది ఎక్కడానికి వారం పట్టింది. అతను రెండోసారి చెప్పించుకోలేదు. గొర్రె నుంచి కుక్కకు పోయే గీతమీద వేలు పెట్టి అక్కడే ఉంచాడు.

"అయితే ఇది తిప్పింది నేనేనా?" అన్నాడు.

తెలియక చేశావు అన్నాను.

"మీకు ఎప్పట్నుంచి తెలుసప్పా?"

అబద్ధం చెప్పే వీలుంది. కొత్త పుస్తకం వచ్చింది, అందులో చూశాను అంటే సరిపోయేది. అది నోటిదాకా వచ్చింది కూడా. చదువుకొన్నప్పటి నుంచీ తెలుసు అన్నాను.

గంగులప్ప వేలు తీశాడు.

"అయితే ఆ పొద్దు రెడ్డి దొడ్లో, నేను కుక్కకేస్తాంటే, మీరు నా పక్కనే నిలబడుకోనుంటిరి."

అడిగినట్టు అనలేదు, చూసింది చూసినట్టు చెప్పాడు. అరగంట గొర్రె తిరుగుడు చూసి తిత్తి ఎక్కడుందో చెప్పగలిగినవాడికి ఇది కనిపెట్టడం ఎంతసేపు? తిడితే బాగుండునని అనిపించింది, తిట్టలేదు. కుక్కకు మందు ఎన్నాళ్లకొకసారి ఇవ్వాలని అడిగాడు. గొర్రె తలను ఎంత లోతున పూడ్చాలని అడిగాడు. రెండు జవాబులూ తిరిగి నాకే అప్పజెప్పి సరిచూసుకొన్నాడు. తెచ్చిన పిల్లకు నేను తిత్తి తీస్తానన్నాను. వద్దన్నాడు. పట్టుకోండి చాలన్నాడు. నేను తల పట్టుకొన్నాను, అతను తీశాడు. ఈకకు చుట్టుకొన్న తిత్తిని తానే తీసుకెళ్లి కిష్టప్ప పొయ్యిలో వేసి, కాలిపోయేదాకా అక్కడ నిలబడ్డాడు.

గడ్డికి అంటిన గుడ్లు నెలల తరబడి బతుకుతాయి కాబట్టి ఆ కుక్కలు తిరిగిన బీడులో మందను మేపవద్దని చెప్పాను. మేపడానికి అతనికి వేరే బీడు లేదు. వయసు వచ్చిన పెద్దవాటికి ఈ జబ్బు అంతగా తగలదు, వాటికి ధర ఉంది. చింతామణి సంతకు తోలి మిగిలినవాటిని అమ్మేశాడు. సొంత గొర్రె ఒక్కటీ లేకుండా అశ్వత్థరెడ్డి మందకు జీతానికి కుదిరాడు.

ఆ తరువాత సంగతి కిష్టప్ప ద్వారా విన్నాను. గంగులప్ప కాపరులున్న ప్రతి ఊరికీ పోయి, తలకాయలు కుక్కలకు వేయొద్దండి, పూడ్చండి, కుక్కలను దనాల ఆస్పత్రికి తోలుకుపోండి అని చెప్పుకొంటూ తిరిగాడు. చెప్పిన ప్రతిచోటా "మన డాక్టరప్ప చెప్పినాడు" అన్నాడట. నేను రెండేళ్లు నోరు మూసుకొన్న సంగతి ఎవరితోనూ అనలేదు. మంగళవారం మంగళవారం నా ఆస్పత్రి ముందు కుక్కలు బారులు తీరాయి. కుక్కలకు భేది మందిచ్చే డాక్టరని బాగేపల్లి బస్టాండులో నవ్వుకొన్నారు, ఆ తరువాత నవ్వు ఆగిపోయింది. రెండేళ్లలో తిరుగుడు గొర్రె కనబడటం అరుదైంది. కోలారు అధికారి నాకు ప్రశంసాపత్రం రాసి సర్వీసు పుస్తకంలో చేర్పించారు. అందులో గంగులప్ప పేరు లేదు. నేను చేర్చమని అడగలేదు. మొదటి పదోన్నతి ఆ కాగితం మీదే వచ్చింది.

అతను నా పేరు ఎందుకు చెప్పాడో నాకు తెలియదు. డాక్టరు మాటంటే జనం త్వరగా వింటారని లెక్క వేసుకొన్నాడేమో. అడిగే మొహం నాకు లేకపోయింది. దారిలో ఎదురుపడితే దండం పెట్టేవాడు, ఆగేవాడు కాదు. నన్ను 1963లో చింతామణికి బదిలీ చేశారు. మళ్లీ అతన్ని చూడలేదు.

ఆ తరువాత సర్వీసులో ఒక నియమం పెట్టుకొన్నాను. ఏ దొడ్డికి పోయినా, నాకు తెలిసిందంతా చెప్పకుండా గేటు దాటేవాణ్ని కాదు. నాకన్నా మంచి పనివాడు అక్కడుంటే ముందు అతనికే చెప్పేవాణ్ని. నియమం చిన్నదే, దాన్ని పాటించడం ప్రతిసారీ కష్టంగానే ఉండేది.

పదవీ విరమణకు ముందు కొన్నేళ్లు కొత్తగా చేరిన పశుసంవర్ధక సిబ్బందికి పాఠాలు చెప్పాను. బోర్డుమీద అదే చక్రం గీసేవాణ్ని. ఇది ఎక్కడ తెంచడం సులువు సార్ అని ప్రతి బ్యాచిలోనూ ఒకరు అడిగేవారు. కుక్క నోటి దగ్గర అని చెప్పేవాణ్ని. పరీక్షలో రాయాల్సిన జవాబు అదే. మిట్టేమరిలో మాత్రం అది తెగాల్సింది నా నోటి దగ్గర.